గిర్వీ ఇంట్లో ఏడాది

లాడ్ బజార్ వెనక సందు,
హైదరాబాద్ పాతబస్తీ,
ఆదివారం, భోజనమయ్యాక

అన్నయ్యకి, వదినకి,

మీ సరస్వతి నమస్కారాలు. ఒళ్లు బాగుంది, మనసు బాగుంది, కడుపు నిండా తిని ఈ ఉత్తరం మొదలుపెడుతున్నాను. అక్కడ మీరంతా కూడా ఇలాగే ఉన్నారని నమ్ముతున్నాను. అన్నయ్యా, నీ మోకాలు ఎలా ఉంది? మెట్లు ఎక్కొద్దని డాక్టరు చెప్పినా మేడ మీద మొక్కలకి నువ్వే నీళ్లు పోస్తున్నావని వదిన ఫిర్యాదు చేసింది. వదినా, షుగరు మాత్రలు వేళకి వేసుకుంటున్నావా? మీ మనవరాలు నళిని ఇంకా హాల్లో టీవీ పక్కనే కూర్చుని పరీక్షలకి చదువుతోందా?

ఫోనుండగా ఉత్తరమేమిటని అనుకుంటావు. ఫోనులో నువ్వు నన్ను మాట్లాడనివ్వవు అన్నయ్యా. నేను ఒక ముక్క చెప్పేలోపల నువ్వు నాలుగు సలహాలు ఇస్తావు. ఉత్తరమైతే అడ్డం రాలేవు. మన తెలుగు సంఘం వాళ్లు ఈ ఏడు కూడా యాత్రకి వచ్చారు, బుధవారం మలేషియా తిరిగి వెళుతున్నారు. కమలమ్మగారి చేతికి ఇది ఇస్తున్నాను. కుర్చీలో కూర్చుని, కాఫీ తాగుతూ, చివరిదాకా చదువు.

ముందుగానే చెప్పేస్తున్నాను. గెలిచాను. ఈ శుక్రవారంతో ఏడాది పూర్తవుతుంది.

ఆ రోజు విమానాశ్రయంలో నా గదికి తాళం వేసి వచ్చి, ఆ తాళంచెవి నా చేతిలో పెట్టావు గుర్తుందా? "ఉంచుకో, ఏడాదిలోపల అవసరమవుతుంది" అన్నావు. "డబ్బయిపోయి ఏడుస్తూ వస్తావు, గది అలాగే ఉంచుతాను" అన్నావు. ప్రేమతోనే అన్నావని తెలుసు. అయినా విమానంలో ఉన్నంతసేపూ నాకు నీ మీద కోపమే. ఏడాది గడవకుండా నా సంపాదన కరిగిపోతే నోరు మూసుకుని తిరిగి వస్తానని నీకు మాటిచ్చాను. ఆ మాట ప్రతి నెలా ఒకటో తారీఖున గుర్తొచ్చేది.

నీ వాదన తప్పని ఇప్పటికీ అనను. ఇరవై ఆరేళ్లు గ్లౌజుల ఫ్యాక్టరీలో, పిన్ను మొనంత చిల్లు ఎక్కడుందా అని వేళ్లతో తడుముతూ బతికినదాన్ని. మా విభాగంలోకి మిషన్లు వచ్చాయని యాభై దాటిన వాళ్లకి ఒక మొత్తం చేతిలో పెట్టి పంపేశారు. ఆ డబ్బు మన ఊళ్లో నాకు పన్నెండేళ్లు వస్తుందని లెక్క వేశావు. తర్వాత ఏమిటని అడిగాను. నీ ఇంట్లో అన్నం ఉందని అన్నావు. ఉంది, కాదనను. కానీ యాభై ఒకటో ఏట నుంచి అన్నయ్య ఇంటి అన్నం తినాలనిపించలేదు.

ఇక్కడికి మారకముందు యాత్రకి వచ్చినప్పుడు గాజులు కొన్న దుకాణం వాళ్లే ఇప్పుడు మా ఇంటివాళ్లు. పెద్దావిడ రాజమణమ్మ, కొడుకు శ్రీధర్. నాలుగు తరాలుగా లక్క గాజుల వ్యాపారం. కింద దుకాణం, వెనక వాళ్ల ఇల్లు, పైన రెండు గదుల వాటా. ఆ వాటానే నేను గిర్వీకి తీసుకున్నాను. నీకు ఎన్నిసార్లు చెప్పినా అర్థం కాలేదు కాబట్టి మళ్లీ చెబుతున్నాను. ఇంటివాళ్లకి ఒకేసారి పది లక్షలు ఇచ్చాను. ఉన్నన్నాళ్లు అద్దె లేదు. ఖాళీ చేసిన రోజు ఆ పది లక్షలూ తిరిగి ఇస్తారు. "ముక్కూ మొహం తెలియని వాళ్ల చేతిలో అంత డబ్బా" అని నువ్వు ఫోనులో అరిచావు. స్టాంపు కాగితం ఉందని నేనూ అరిచాను.

మిగతా డబ్బు అక్కడి డిపాజిట్‌లోనే ఉంది. దాని వడ్డీ మాత్రమే ఇక్కడికి తెచ్చుకుంటున్నాను. పాలు, కూరలు, కరెంటు, ఆటో, బీపీ మాత్రలు అన్నీ కలిపినా నెలకి పద్దెనిమిది వేలు దాటలేదు. కూలరు కొన్న మే నెల ఒక్కటే దాటింది. ఆరోగ్య బీమా వాళ్లు పాత బీపీకి కొన్నేళ్లు ఆగాలన్నారు. అందుకని జబ్బు చేస్తే వాడుకోవడానికి కొంత విడిగా పెట్టి దాని జోలికి పోవడం లేదు. ఇక వీసా బాధ అసలే లేదు. నువ్వు ట్రంకు పెట్టె అడుగు నుంచి తాతయ్య పుట్టుక కాగితం వెతికి ఇచ్చావు కాబట్టే నాకు ఓసీఐ కార్డు వచ్చింది, బతికినన్నాళ్లు ఉండొచ్చు. నన్ను వెక్కిరిస్తూనే రెండు రోజులు దుమ్ములో కూర్చుని వెతికావు. ఆ సంగతి నేను మరిచిపోను.

ఎండలు మాత్రం చంపాయి. మన దగ్గర సాయంత్రం నాలుగింటికి గడియారం పెట్టినట్టు వాన పడుతుంది చూడు, దాని కోసం మొహం వాచిపోయాను. డిసెంబరులో చలికి జీవితంలో మొదటిసారి స్వెట్టరు కొన్నాను. మొదటి రెండు నెలలు నా తెలుగు వీళ్లకి నవ్వు, వీళ్ల తెలుగు నాకు పరీక్ష. మధ్యాహ్నం మాత్రం రాజమణమ్మ రోజూ ఒక గిన్నె పంపేది. ఎందుకమ్మా అంటే, "ఒక్కదానివి ఏం వండుకుంటవ్ బిడ్డా, మేం తినేదే నువ్ తిను" అనేది.

ఇప్పుడు నీకు చెప్పని సంగతి. కోప్పడకు, అంతా అయిపోయింది.

నేను వచ్చిన అయిదో నెలలో ఒక రోజు కరెంటు బిల్లు అడగడానికి దుకాణంలోకి దిగాను. శ్రీధర్, గాజులు చేసే రహీం భాయ్ మాట్లాడుకుంటున్నారు. రహీం భాయ్ వాళ్ల నాన్న కాలం నుంచీ వీళ్లకే పని చేస్తాడు. శ్రీధర్ అతనితో "అక్క గిర్వీ పైసలన్నీ రాళ్లల్ల పెట్టినం భాయ్, షాదీల సీజన్ల తిరిగొస్తయ్" అంటున్నాడు. నా డబ్బు బ్యాంకులో భద్రంగా ఉందనుకున్నాను అన్నయ్యా. గాజుల మీద అంటించే తళుకు రాళ్లయి కూర్చుందని ఆ క్షణం దాకా తెలియదు. నీ మాటలన్నీ ఒక్కసారిగా చెవిలో మోగాయి.

అప్పుడు నేను చేసిన తప్పు ఇది. దుకాణం నిండా జనం ఉన్నారు. ఇద్దరు ఆడవాళ్ల చేతులకి గాజులు సగం ఎక్కి ఉన్నాయి. అక్కడే నిలబడి, "నా డబ్బు నాకు ఇచ్చేయండి" అన్నాను. గొంతు కూడా పెద్దదే. గాజులు వేయించుకుంటున్న ఆవిడ చెయ్యి వెనక్కి లాక్కుంది.

రాజమణమ్మ మొహం ఎర్రబడింది. మాట మాత్రం మెత్తగానే వచ్చింది. "రేపు పొద్దుగాల తీస్కపో బిడ్డా" అంది. కాగితం ప్రకారం, అడిగాక ఇవ్వడానికి వాళ్లకి రెండు నెలల గడువుంది. ఆవిడ ఆ మాటే ఎత్తలేదు.

పొద్దున దిగేసరికి దుకాణంలో కూర్చునే పరుపు మీద నాలుగు గాజుల డబ్బాలు. వాటిలో నోట్ల కట్టలు. ఒక్కో డబ్బా ఒక్కో దుకాణం నుంచి వచ్చింది. "అరగంటల పోగైనయ్" అన్నాడు శ్రీధర్ నా వైపు చూడకుండా. రాజమణమ్మ చెప్పింది: "మా తాన పైసలు పెట్టెల ఉండయ్ బిడ్డా, బజార్ల తిరుగుతయ్. ఇయ్యాల మాకు వాళ్లిచ్చిండ్రు, రేపు వాళ్లకు మేమిస్తం. నీ పైసల్ యాడికి పోయినయని అడిగితే చెప్తుంటిమి గద."

డబ్బు చేతికొచ్చింది, ఇల్లు చేజారింది. గిర్వీ తిరిగిచ్చాక వాటా ఖాళీ చేయాలి, అదీ వీళ్ల కాయిదా. శ్రీధర్ గొంతులో కోపం లేదు, అదే ఎక్కువ బాధపెట్టింది. "ఏందక్కా, ఒక్క మాట అమ్మను పక్కకు పిలిచి అడగకపోతివి?" అన్నాడు. మర్నాడు ఇళ్లు చూడ్డానికి తిరిగాను. మలక్‌పేటలో అద్దెకే నా వడ్డీలో సగం పోయేలా ఉంది. జల్‌పల్లి కొత్త కాలనీలో ఇల్లు చవకే కానీ నీళ్లు ట్యాంకరుతో రావాలి, పాల ప్యాకెట్టుకి కూడా ఆటో ఎక్కాలి. ఇంటికొచ్చి నీ తాళంచెవి తీసి బల్ల మీద పెట్టుకున్నాను. సరిగ్గా అప్పుడే నువ్వు ఫోను చేశావు. ఎలా ఉన్నావంటే బ్రహ్మాండం అన్నాను. అన్నయ్యా, అది అబద్ధం.

ఆ మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. రోజూలాగే గిన్నె వచ్చింది. చుక్కకూర పప్పు, రెండు జొన్నరొట్టెలు. నలుగురిలో పరువు తీసినదానికి కూడా వేళకి అన్నం పంపిన మనిషిని చూసి నాకు ఏడుపు ఆగలేదు. ఫ్యాక్టరీ నుంచి పంపేసిన రోజు కూడా నేను అంత ఏడవలేదు.

ఆ మర్నాడు కింద పెద్ద లొల్లి. ఒక పెళ్లివారికి పంపిన లక్క గాజులు మూటగట్టి వెనక్కి వచ్చాయి. వేసుకుంటే రాళ్లు ఊడి చేతిలోకి వస్తున్నాయట. ఎల్లుండే పెళ్లి. రహీం భాయ్ తల పట్టుకుని కూర్చున్నాడు. శ్రీధర్ గాజులు వెలుతురులో తిప్పి తిప్పి చూస్తున్నాడు. "అన్ని మంచిగనే కనబడుతున్నయ్. ఏది ఊడుతదో ఎట్ల తెలుస్తది? అన్ని మళ్ల చెయ్యాల్నంటే పెండ్లి అయిపోతది" అంటున్నాడు.

నేను ఫ్యాక్టరీ గ్లౌజులు రెండు పెట్టెలు సూట్‌కేసులో పెడుతుంటే, హైదరాబాద్‌లో అంట్లు తోమడానికి వెళుతున్నావా అని నవ్వావు చూడు, వాటిలో ఒక పెట్టె తీసుకుని దిగాను. ఎవరినీ అడగలేదు. పలచటి గ్లౌజు వేలికి బిగుతుగా లాక్కుని గాజు మీద మెల్లిగా నడిపాను. గట్టిగా కూర్చున్న రాయి మీద వేలు జారిపోతుంది. అంచు వెంట్రుకంత లేచినా సరే, గ్లౌజు పట్టుకుంటుంది. పట్టుకున్న చోట "ఇది" అన్నాను. రహీం భాయ్ సూదితో అలా తాకాడు, రాయి టప్పున ఊడి పడింది. ఇంకొకటి, ఇంకొకటి. నేను చెప్పిన ప్రతి రాయీ ఊడింది, గట్టిగా ఉందన్నది ఒక్కటీ ఊడలేదు.

"ఆపా, ఆప్ కీ ఉంగలియోఁ మే ఆంఖే హై క్యా?" అన్నాడు రహీం భాయ్. నీ వేళ్లకి కళ్లున్నాయా అక్కా అని. ఇరవై ఆరేళ్లలో మా సూపర్వైజరు ఒక్కసారి కూడా అలాంటి మాట అనలేదు.

సాయంత్రంలోపు మంచివీ చెడ్డవీ వేరు చేశాను. రహీం భాయ్ కుంపటి దగ్గర లక్క వేడి చేసి, చెడ్డ వాటికే రాళ్లు మళ్లీ కూర్చోబెట్టాడు. మర్నాడు మధ్యాహ్నానికి గాజులు పెళ్లివారికి చేరాయి. ఒక్క రాయి ఊడిందన్న మాట రాలేదు.

ఆ రోజే నాలుగు డబ్బాలూ ఎలా వచ్చాయో అలాగే తెచ్చి రాజమణమ్మ ముందు పెట్టాను. ఆవిడ ముట్టుకోలేదు. నా మొహంలోకి చూసి, "మళ్ల అడుగుతవా?" అంది. అడగనన్నాను.

"అడుగు బిడ్డా. నీ పైసలు, నువ్ గాక ఎవలడుగుతరు? కని దుకాణంల గిరాకుల ముందట అడగకు. ఇంట్ల అడుగు."

ఈసారి మూడేళ్లకి కాగితం రాసుకున్నాం. నా డబ్బు ఇప్పుడు ఏ సరుకులో ఉందో శ్రీధర్ నెలనెలా పైకొచ్చి చెప్పిపోతాడు. నేను అడగకముందే చెబుతాడు. పొద్దున రెండు గంటలు దుకాణంలో కూర్చుని పెళ్లి గాజులు తడిమి చూస్తున్నాను. వద్దన్నా జీతం ఇస్తున్నారు, నా ఇంటి ఖర్చు సగం దానితోనే గడుస్తోంది. ఆ నాలుగు డబ్బాలు పంపిన దుకాణాల వాళ్లు కూడా ఇప్పుడు వాళ్ల గాజులు నా దగ్గరికే పంపుతున్నారు. బజారులో నా పేరు గ్లౌజ్ ఆపా. రిటైరయ్యావా, ఉద్యోగంలో చేరావా అని నవ్వుతావని తెలుసు. నవ్వుకో. వడ్డీలో కొంత మిగులుతోంది, అది కూడా డిపాజిట్‌లోనే వేస్తున్నాను. కరుగుతుందన్న డబ్బు పెరుగుతోంది.

గ్లౌజులు అయిపోవచ్చాయి. మన సందు చివర మందుల షాపులో పలచటి రకం, మీడియం సైజు, నాలుగు పెట్టెలు కొని ఎవరైనా వచ్చేటప్పుడు పంపు. వదినా, నల్ల కాఫీ పొడి ఒక కిలో కూడా. ఇక్కడి టీ అలవాటైంది కానీ ఆదివారాలు మాత్రం మన కాఫీ కావాలనిపిస్తుంది. నీకు, కోడలికి, నళినికి గాజులు కమలమ్మగారి చేతికిచ్చాను. ఒక్కో రాయీ నా వేలు తాకి వచ్చిందే. ఊడితే నన్ను తిట్టు.

పెద్దత్తకి నా దండాలు చెప్పండి. గుడిలో పూజారిగారిని, పక్కింటి చైనా ముసలమ్మని అడిగానని చెప్పండి. నా గురించి బెంగ వద్దు, నిజంగా వద్దు. ఈసారి బ్రహ్మాండం అంటే బ్రహ్మాండమే.

అన్నయ్యా, చిన్నప్పుడు నా తల మీద చెయ్యి పెట్టినట్టే ఒకసారి ఇక్కడి నుంచి కూడా దీవించు. అమ్మానాన్నా పోయాక నాకు ఆ చెయ్యి నీదే. వచ్చే ఏడు నిన్నూ వదిననీ చూడ్డానికి వస్తాను. నాకు హాల్లో చాప వేస్తే చాలు, చుట్టపుచూపుగా వారం ఉండి నా ఇంటికి వెళ్లిపోతాను.

కవరు అడుగున చూడు, తాళంచెవి ఉంది. రేపే ఆ గది తెరిచి, కిటికీ దగ్గర నళినికి బల్ల వేయి.

నీ చెల్లెలు,
సరస్వతి