బొద్దింకలు లేని ఇల్లు

విశాఖపట్నం, పోర్టు క్వార్టర్లు,
ఆగస్టు 1983, ఆదివారం.

చిరంజీవి సౌభాగ్యవతి గౌరీశ్వరికి, మీ నాన్న తవిటయ్య మనసారా దీవించి రాస్తన్న ఉత్తరం. ఇక్కడ నాను బాగానే ఉన్నాను. అక్కడ నువ్వు, అల్లుడు దొరబాబుగారు, మీ అత్తమామలు, నీ కడుపులో గుంట అందరూ కులాసాగా ఉండాలని రోజూ దండం పెట్టుకుంటన్నాను.

నీ ఉత్తరం అందింది. అన్నం నానే వండుకుంటన్నాను. నీళ్లెక్కువై జావయిపోతే ఆ పూటకి మజ్జిగ పోసుకుని తాగీస్తన్నాను. దగ్గు తగ్గింది. ఈ వారం క్రేన్ మీద పొద్దుటి షిఫ్టు పడింది, మధ్యాహ్నానికల్లా ఇంటికొచ్చీస్తన్నాను. వచ్చి ఏటి చెయ్యాలో తెలీదు. రేడియో పెట్టుకుంటాను. వినడానికి కాదు, ఇంట్లో ఎవరో మాటాడతన్నట్టు ఉంటాది.

ఇంక అసలు సంగతి. నాను తెచ్చిన సున్నుండల డబ్బా మూత తియ్యగానే బొద్దింక గెంతి మీ అత్తగారి చీర మీద పడింది కదా, నాకు తల కొట్టేసినట్టయింది. బస్సు దిగేదాకా తల ఎత్తలేదు. ఇప్పుడావిడ, ఆడదిక్కు లేని ఇల్లు, పైగా పురుగుల కొంప, తొలి కాన్పుకి అక్కడికి పంపను అన్నారని రాశావు. ఆవిడ మీద నాకు కోపం లేదు. మీయమ్మ బతికుంటే ఈ మాట వచ్చేదా? తొలి పురుడు పుట్టింట్లో కాకపోతే మరి నానెందుకున్నట్టు? నువ్వు రావాల తల్లీ. నువ్వొస్తే ఇది మళ్లీ ఇల్లవుతాది.

అందుకే పక్క క్వార్టరు సన్యాసమ్మని పిలిచాను, మా గవర్రాజు బావ పెళ్లాం. వానకి ముందు మురిక్కాలవ మదుంలోంచి ఎగిరొచ్చే పెద్ద ఎర్ర బొద్దింకలైతే తూముకి జాలీ కడితే సరిపోతాదంట. మనవి అవి కావు. చిన్నవి, లేత గోధుమ రంగు, మెడ మీద రెండు నల్ల చారలు. తిండి దొరికిన చోటే కాపరం పెట్టి పిల్లల్ని కంటాయంట. అలమర వెనక ఉలవగింజల్లాంటివి తీసి చూపించింది. అవి వాటి గుడ్ల సంచులంట. నానైతే ఉలవలే ఒలికిపోయాయని, పారెయ్యడానికి మనసొప్పక, ఏరి ఉలవల డబ్బాలో పోస్తన్నాను. నవ్వితే నవ్వావు గానీ మీ అత్తగారికి మాత్రం చెప్పకు.

గమాక్సిన్ పురుగుమందు చల్లుదామంటే, పసిగుంట పాకే ఇల్లని సన్యాసమ్మ ఒప్పుకోలేదు. బోరిక్ పౌడరు, పంచదార, గోధుమపిండి కలిపి ఉండలు కట్టి మూలమూలలా పెట్టాం. ఒక్కటీ ముట్టలేదు. సన్యాసమ్మ నడుం మీద చెయ్యేసుకుని నా కేసి చూసింది.

“అన్నియ్యా, ఈటికి ఇంతకన్నా మంచి కూడు నీ ఇంట్లోనే ఎక్కడో దొరకతంది. అదేటో సూసుకో.”

అదేటో నాకు తెలుసు.

ఎవరికీ చెప్పని మాట రాస్తన్నాను. పెద్దకర్మ దాకా రోజూ సాయంత్రం మీయమ్మ పేరు చెప్పి దీపం దగ్గర అన్నం ముద్ద పెట్టాం కదా. కర్మ అయ్యాక మానెయ్యమని మా అప్ప మరీమరీ చెప్పి వెళ్లింది. పెడతా ఉంటే పోయిన మనిషి గడప దాటి వెళ్లలేకపోతాదంట. నాను మానలేదు గౌరీ. మీరందరూ వెళ్లిపోయిన నాడు కంచం ముందు కూర్చుంటే నోట్లోకి మెతుకు పోలేదు. మీయమ్మ ముద్ద పొయ్యి పక్కన పెట్టాక తినగలిగాను. తెల్లారి చూస్తే ముద్ద ఒక పక్క తరిగి ఉంది, మెతుకులు చెదిరి ఉన్నాయి. ఎంత సంబరపడ్డానో నీకు చెప్పలేను. గడప దాటకపోతే మరీ మంచిది అనుకున్నాను. అప్పట్నించి రోజూ పెడతన్నాను. ఒక్కో నాడు బెల్లం ముక్క, ఇష్టమని కాల్చిన ఎండుచేప. లేవగానే ముందు అదే చూసుకుంటాను. తరిగి ఉంటే ఆ రోజు డ్యూటీకి హుషారుగా వెళ్తాను.

సన్యాసమ్మ మాట విన్నాక కూడా చెయ్యి ఆగలేదు. ముద్ద మానితే మీయమ్మ వెళ్లిపోతాది, మానకపోతే నువ్వు రావు. ఆఖరికి, చీమలు పట్టకుండా పాలగిన్నెకి మీయమ్మ చేసేదే చేశాను. పళ్లెంలో నీళ్లు పోసి, మధ్యలో ముద్ద గిన్నె పెట్టాను. పురుగులు నీళ్లు దాటలేవు. మీయమ్మకి నీళ్లు అడ్డమేటి, అనుకున్నాను.

వేరే తిండి లేక బొద్దింకలు బోరిక్ ఉండలు తిన్నాయి. వెల్లకిలా పడి ఉన్నవాటిని రోజూ చేటలోకి ఊడ్చి పారబోశాను. ఇప్పుడు డబ్బాలు తీసినా, అలమర జరిపినా ఒక్కటీ అగుపించదు. సన్యాసమ్మ కూడా వచ్చి చూసి వెళ్లింది. వెల్ల కూడా వేయించాను. మీ అత్తగారికి ఈ ముక్క చదివి వినిపించు. అనుమానమైతే ఆవిణ్ణే ఒకసారి వచ్చి చూసుకోమను.

ముద్ద మాత్రం పెట్టింది పెట్టినట్టే ఉంటంది గౌరీ. ఒక్క మెతుకు కదలదు. ఇవాళ పొద్దున్న కూడా చూశాను.

బేగి రా తల్లీ. ఇంట్లో ఎవరూ లేరు.

ఇట్లు,
నీ రాక కోసం చూస్తన్న
మీ నాన్న,
తవిటయ్య