తొట్టిలో తేలిన ఇరవై కాయలు

నూజివీడు,
10-4-1966.

విజయవాడ విజ్ఞాన ప్రదర్శనశాల అధికారి వారి సముఖమునకు, నూజివీడు మామిడికాయల వర్తకుడు నమస్కరించి వ్రాయునది.

అయ్యా,

జరిగినది జరిగిన వరుసలోనే వ్రాయుచున్నాను.

1. గత నెలలో ఏడవ తరగతి చదువుచున్న మా అమ్మాయి లలిత, పాఠశాల వారితో కలిసి మీ శాలకు వచ్చినది.

2. మీ వాకిట “దయచేసి అన్నిటినీ తాకండి” అని బోర్డు ఉన్నదట.

3. ఒక లోహపు గోళమును తాకగా అమ్మాయి జుట్టు నిక్కబొడుచుకొని నిలిచినదట. ఇంటికి వచ్చిన తరువాత కూడ ఆ సంగతి చెప్పి నవ్వుచునే ఉన్నది.

4. ఆనాటి నుండి నేనేమి చెప్పినను “చేసి చూశావా నాన్నా?” అని అడుగుచున్నది. పెరుగన్నం తింటే నిద్ర పడుతుందన్నాను. “తినకుండా పడుకుని చూశావా?” అన్నది.

5. వేసవి సెలవులలో మీరు నడుపు క్లాసుకు రమ్మని ఆమె చేతికి ఒక ఫారము ఇచ్చినారు. దానిపై తండ్రి సంతకము కావలెనట.

సంతకమునకు ముందు నాకు తెలియవలసినది ఒక్కటే. తామేమి అమ్ముచున్నారు? నా కొట్టులో “కాయలను తాకరాదు” అని బోర్డు ఉన్నది. సరుకును తాకి చూడుమని తానే పిలిచే వర్తకుని నేనింతవరకు ఎరుగను. అట్టివాని సరుకు చెడినదై ఉండవలెను, లేదా వాని కన్ను తాకినవాని జేబు మీద ఉండవలెను.

ఉదయము 6 గం. 10 ని.లకు,
విధేయుడు,
మాజేటి పాండురంగారావు.

తా.క.: నా చదువు ఎనిమిదవ తరగతితో ఆగినను, స్వయముగా నిఘంటువును ‘మ’ వరకు చదివినాను. అటుపై అక్షరములతో మొదలగు కఠినపదములు తగ్గించి వ్రాయగలరు.

*

విజయవాడ,
14-4-1966.

శ్రీ పాండురంగారావుగారికి నమస్కారములు.

మీ ఉత్తరం అందింది. మేము ఏమీ అమ్మమండి. పిల్లలు తాకి, తిప్పి, విప్పి చూసి తెలుసుకోవాలనే ఆ బోర్డు పెట్టాం.

లలిత నాకు బాగా గుర్తుంది. ఏది మునుగుతుందో, ఏది తేలుతుందో చూడటానికి ఇక్కడ ఒక నీళ్ళ తొట్టి ఉంది. అందరూ మేకులూ బిరడాలూ వేస్తుంటే మీ అమ్మాయి మాత్రం, “ముదిరిన మామిడికాయ మునుగుతుందా మేడం? లేతది తేలుతుందా?” అని అడిగింది. మామూలుగా అంతేనండి. కాని నేను చెప్పలేదు. “ఇంటికెళ్ళి వేసి చూడు” అన్నాను. అటువంటి పిల్ల వేసవి క్లాసులో ఉండాలి. దయచేసి సంతకం పెట్టండి.

మీ శ్రేయోభిలాషి,
బి. లేయా,
ప్రదర్శనల పర్యవేక్షకురాలు.

తా.క.: నిన్న మీ నూజివీడు మామిడి వర్తకులొకరు వచ్చి, ఆ తొట్టి పక్కనే చాలాసేపు నిలబడ్డారు. మీ ఊరివారికి విజ్ఞానమంటే ఎంత ఆసక్తి!

*

నూజివీడు,
19-4-1966.

లేయాగారికి,

అమ్మా,

సంతకము చూచిన పిమ్మట తాము స్త్రీ అని తెలిసినది. నా మొదటి ఉత్తరములోని “అయ్యా” అను మాటను కొట్టివేసుకొనగలరు. మిగిలినదంతయు అట్లే ఉంచుకొనగలరు.

కాయను వేలితో కొట్టి, చప్పుడు విని, ముదురో లేతో చెప్పుటలో ఈ ప్రాంతమున నాకు పేరున్నది. నా మాట మీదనే తోటలలో కోత మొదలగును. చాట్రాయి రైతు బసవపున్నారావుగారి రసాలు కోతకు వచ్చినవని చెప్పి, మచ్చుకు ఇరవై కాయలు కొట్టుకు తెప్పించినాను. ఆయన, నా పోటీ వర్తకుడు తిరుపతిరావు ఇద్దరును చూచుచుండగనే, లలిత ఆ ఇరవై కాయలను మా పెరటి రాతితొట్టిలో వేసినది.

ఇరవై కాయలును తేలినవి.

“ఏంటి పాండురంగం, నీ కాయలకి ఈతొచ్చే!” అన్నాడు తిరుపతిరావు.

“కోత ఆపుదామండీ. లేత కాయ కోస్తే నా తోట పరువు పోద్ది,” అని బసవపున్నారావుగారు కండువా దులుపుకొని లేచినారు.

ఇంతకాలము నా మాటకు ఎదురు చెప్పని మనిషి, నీళ్ళ మాట విని వెళ్ళిపోయినాడు.

ఇక నా అనుమానములు. మీ తొట్టి పక్కన నిలిచినవాడు తిరుపతిరావు. ఈ విద్యను మీ వద్ద నేర్చి నా పేరు చెరుపుటకు పూనుకొన్నాడు. మీకు తెలిసి జరిగినదో, తెలియక జరిగినదో నేనింకను నిర్ణయించుకొనలేదు. ఆ గోళములో ఏమున్నదో కూడ తామింతవరకు వ్రాయలేదు.

ఫారమును ఇనప్పెట్టెలో పెట్టి తాళము వేసినాను. లలిత నాతో మాట్లాడుట మానినది.

రాత్రి 8 గం. 40 ని.లకు,
మాజేటి పాండురంగారావు.

తా.క.: ఆ వచ్చినవాడు ఎర్ర అంచు కండువా వేసుకొన్నాడా? అవును, కాదు అని వ్రాసిన చాలును.

*

విజయవాడ,
23-4-1966.

పాండురంగారావుగారికి,

కాదు.

ఆ పెద్దమనిషి నిన్న మళ్ళీ వచ్చారు. పేరు ఇన్నయ్యగారట. “తొట్టి మీద అంత ఆసక్తి ఏమిటండీ?” అని అడిగాను. “తొట్టేంటమ్మా! బెజవాడ ఎండలో ఊరికే నిలబడనిచ్చే చల్లటి చోటు ఇదొక్కటే,” అన్నారు.

గోళంలో ఏమీ లేదండి. గుల్ల. పైన కాస్త కరెంటు చేరుతుంది, అంతే.

కాని మీ ఉత్తరంలో ఒక విషయం నాకు అంతుపట్టలేదు. మీరు ఎంత పొరబడినా, కొన్ని తేలి కొన్ని మునగాలి. ఇరవైలో ఒక్కటైనా మునగకపోవడమేమిటి? తిరుపతిరావుగారిని అనుమానించారు, నన్ను అనుమానించారు, బోర్డునూ గోళాన్నీ అనుమానించారు. నీళ్ళను ఎందుకు వదిలేశారు? అవి ఏ నీళ్ళు?

లేయా.

తా.క.: “చేసి చూశావా” అనే మాట మేము నేర్పిందే, ఒప్పుకుంటున్నాను. అనుమానం మాత్రం లలిత ఇంటి నుంచే తెచ్చుకుంది.

*

నూజివీడు,
4-5-1966.

లేయాగారికి నమస్కరించి,

అమ్మా,

తమ ఉత్తరమును పెరటిలో నిలబడి బిగ్గరగా చదివినాను. “అవి ఏ నీళ్ళు?” అన్నచోటికి వచ్చుసరికి, అలిగి కూర్చున్న లలిత లేచి వచ్చి, తొట్టిలో వేలు ముంచి నాలుకకు రాచుకొన్నది. వెంటనే ఉమ్మివేసినది.

“నాన్నా, ఉప్పు! ఉప్పునీళ్ళలో ఏదైనా తేలుద్ది!”

నా కాయలు లేతవి కావని నాకు గొప్ప సంతోషము కలిగినది. ఆ సంతోషములోనే, రాత్రివేళ గోడ దూకి వచ్చి ఉప్పు కలిపినవాడు తిరుపతిరావేనని నిశ్చయించి, పోలీసువారికి అర్జీ మొదలుపెట్టినాను. రెండవ అంశములో ఉండగా వంటింటి నుండి నా భార్య నాగేంద్రమ్మ బయటకు వచ్చినది.

“ఆ ఉప్పు నేనేసిందండీ. పిందెలు ఊరేద్దామని కలిపిపెట్టుకున్నా. నా నీళ్ళలో కాయలు పోసి పాడుచేసింది చాలక, మధ్యలో పోలీసులేంటి?”

“ఇన్నాళ్ళూ చెప్పవేం?”

“నన్నడిగిందెవరు? ఇంట్లో మనిషినొదిలేసి మీరు బెజవాడకి రాసుకుంటుంటిరి!”

అర్జీలో వ్రాసినంతవరకు కొట్టివేసినాను.

అవే చెట్ల నుండి మరల ఇరవై కాయలు తెప్పించి, బసవపున్నారావుగారి ఎదుటనే గంగాళములో బావినీరు పోయించి, ముందుగా నేనే రుచి చూచి, కాయలు వేయించినాను. పద్దెనిమిది మునిగినవి. రెండు తేలినవి. ఆ రెండును, “ఇవి ముదురువే, చప్పుడు కూడ వినక్కరలేదు” అని గర్వముగా నేను పక్కకు తీసినవే. లలిత నవ్వలేదు. వాటికి దారము కట్టి, అన్నిటినీ గడ్డిలో మాగవేసినది. పద్దెనిమిది తేనెవలె పండినవి. దారము కట్టినవి రెండును వడలి ముడుచుకొన్నవి.

తోటలో కోత మొదలైనది. తిరుపతిరావు వచ్చి, “ఏంటి, నీ కాయలు ఈత మర్చిపోయినయ్యా?” అన్నాడు. “నీ కాయలు కూడ తీసుకురా. నీళ్ళు మావి,” అన్నాను. వాడింకను రాలేదు.

కొట్టులోని నా బోర్డు తీయలేదు. దాని కింద లలిత సుద్దముక్కతో “గంగాళంలో వేసి చూడవచ్చు” అని వ్రాసినది. చెరపలేదు.

ఫారముపై సంతకము చేసి, దీనితో జతపరచినాను.

సాయంత్రము 5 గం. 25 ని.లకు,
మాజేటి పాండురంగారావు.

తా.క.: కవరు అంటించుటకు ముందు ఉత్తరమును, ఫారమును నాగేంద్రమ్మకు చదివి వినిపించి, “నీవేమైనా చెప్పవలసినది ఉన్నదా?” అని ఈసారి అడిగినాను. ఉన్నదన్నది. అమ్మాయి పుట్టిన సంవత్సరము తప్పు వేసినానట. అది సరియేనని వాదించినాను. “కన్నది నేనండీ” అన్నది. దిద్ది, పక్కన మరల సంతకము చేసినాను.