ఎనిమిది కిలోల పగ్, యాభై నాలుగు మెట్లు

నలభై నాలుగేళ్ళు లిఫ్టులు బిగించి, బాగుచేసి, ప్రస్తుతం లిఫ్టు లేని మేడలో మూడో అంతస్తున కాపురముంటున్న డెబ్బై ఒక్క ఏళ్ళ మెకానిక్కును, తోటివాళ్ళ నోట చెవి మేస్త్రినీ అయిన నేను, నా తెలివి నా దగ్గరే ఉండగా, ఎవరూ పక్కన నిలబడి చెప్పి రాయించకుండా, నా చేత్తో రాస్తున్న వీలునామా ఇది. మోకాళ్ళు తప్ప తక్కిన ఒళ్ళు బాగానే ఉంది. మతి కూడా బాగానే ఉందనడానికి రుజువుగా ఈ మధ్య తీసుకున్న ఒక నిర్ణయాన్ని కింద వివరంగా రాస్తున్నాను. చదివినవారు తేల్చుకోవచ్చు.

ఇంతకు ముందు ఏ వీలునామా రాయలేదు. నిజానికి ఇదీ రాసేవాణ్ణి కాదు. ఒక కుక్క కోసం రాయాల్సి వచ్చింది.

1. నేనుంటున్న రెండు గదులూ, వాటిలోని సామానూ నా కూతురికి చెందవలసినవి. ఈ వీలునామాను అమలుచేసే బాధ్యత కూడా ఆమెదే. ఆమె సిటీ బస్సు నడుపుతుంది, వేళకు బయలుదేరి వేళకు చేరడం తెలిసిన మనిషి. వంటగది కిటికీ తలుపును కొంచెం పైకెత్తి తోస్తేనే మూసుకుంటుందని ఆమెకు పదిసార్లు చెప్పాను. ఇప్పుడు రాతపూర్వకంగా చెబుతున్నాను.

2. అల్లుడికి నా నల్ల గొడుగు. ఆయన దాన్ని పట్టుకుపోయి మూడేళ్ళయింది. ఇక అది ఆయనదేనని ఇందుమూలంగా ఒప్పుకుంటున్నాను.

3. నా పనిముట్లన్నీ, నేను మానేశాక నా స్థానంలోకి వచ్చిన మెకానిక్కు అమ్మాయికి. పిడి అరిగిన పొడుగు స్క్రూడ్రైవరును ప్రత్యేకంగా ప్రస్తావిస్తున్నాను. దాని కొనను బేరింగు మీద ఆనించి, పిడిని చెవికి ఆనించుకుంటే లోపల ఏది అరిగిందో వినిపిస్తుంది. నా కింద పనిచేసినవాళ్ళందరూ మొదటి రోజున ఏం బిగించాలని అడిగారు. ఏం వినాలని అడిగింది ఈ అమ్మాయి ఒక్కతే.

4. ఆ చెవే నన్ను నవ్వులపాలు చేసింది. పోయిన చలికాలంలో, పశువుల డాక్టరు ఆసుపత్రి ఉన్న ఒక మేడలో లిఫ్టు ఒక్కోసారి గరగరమంటోందనీ, ఎందుకో అంతు చిక్కడం లేదనీ ఆ అమ్మాయి నన్ను పిలిచింది. వెళ్ళి ఎక్కాను. రెండో అంతస్తు దాటగానే గరగర, చివర సన్నటి ఈల. తాడు చక్రం బేరింగేనని అక్కడికక్కడే తీర్పు చెప్పేశాను. లిఫ్టు ఆపించి, పైనున్న మిషను గదిలో బేరింగు విప్పి, కడిగి, గ్రీజు పెట్టి దిగేసరికి గంటన్నర. మళ్ళీ ఎక్కితే మళ్ళీ గరగర.

రెండుసార్లూ నాతోపాటు లిఫ్టులో ఒక ఆవిడ ఉంది, చేతిలో గుడ్డ కప్పిన బుట్టతో. ఆ మేడ వెనక భాగంలో దిక్కులేని కుక్కలకు ఆశ్రమం నడుపుతుంది. "అది మా కుక్క గురకండీ" అంది. ముందే చెప్పొచ్చు కదమ్మా అంటే, "మీరు అడగలేదు కదా, ఏదో పెద్ద పనిలో ఉన్నారనుకున్నా" అంది.

గుడ్డ తీసి చూపించింది. నల్లటి చదును మొహం, నుదుటి మీద లోతైన ముడతలు, మొహంలో సగం కళ్ళే. పగ్ జాతి ఆడకుక్క. వయసు నాలుగేళ్ళు, బరువు ఎనిమిది కిలోలు. పెంచినవాళ్ళు ఇల్లు మారుతూ వదిలేసి పోయారట. నా వైపు తేరిపార చూసి, నా చేతి మీద తుమ్మింది.

మర్నాడు మళ్ళీ వెళ్ళాను. నా అనుభవంలో అంత చప్పుడు చేసే యంత్రం ఏదీ వారం మించి నడవలేదు, ఇది నాలుగేళ్ళుగా ఎలా నడుస్తోందో తెలుసుకోవాలనిపించింది. మూడో వారానికల్లా నా అడుగుల చప్పుడు వినగానే లేచి నిలబడేది. నేను బిస్కెట్టు పెడితే తిని, నా చెప్పు మీద గడ్డం ఆనించి పడుకునేది. దాన్ని ఇంటికి తెచ్చుకోవాలన్న కోరిక అప్పుడు పుట్టింది.

5. ఆశ్రమం ఆవిడకు ఒక నియమం ఉంది. డెబ్బై దాటినవాళ్ళు కుక్కను తీసుకోవాలంటే, వాళ్ళ తర్వాత దాన్ని ఎవరు చూస్తారో కాగితం మీద రాసివ్వాలి. "ఇది ఇంకో పదేళ్ళు బతుకుతుంది. మరి మీరు?" అని మొహం మీదే అడిగింది. కోపం రావలసిన మాట. రాలేదు, ఎందుకంటే నేను కూడా ఏ లిఫ్టులోనైనా ముందు చూసేది అదే, ఇంకెన్నేళ్ళు నడుస్తుందని.

అలా ఒక కాగితం రాద్దామని కూర్చుని, అసలు ఈ కుక్క నాకు తగినదేనా అన్న విచారణలో పడ్డాను. డాక్టరు చెప్పినవి: దీని ముక్కు లోపల దారి ఇరుకు. ఎండ పనికిరాదు, వేడెక్కితే ప్రాణం మీదికొస్తుంది. ముడతలు రోజూ తుడవాలి. పెడితే తింటూనే ఉంటుంది, లావెక్కితే ఊపిరికి ఇంకా కష్టం. మెడకు పట్టీ కట్టకూడదు, ఛాతీకే కట్టాలి. దొంగ వస్తే వాడి ఒళ్ళోనే పడుకుంటుంది. "నాలుగు కాళ్ళ ముక్కుదిబ్బడ అనుకోండి. కానీ మనిషంటే పడి చస్తుంది, ఒంటరిగా వదిలితే దిగులు పెట్టుకుంటుంది" అన్నాడు. ఇలాంటి ముక్కుతో ఒక ప్రాణిని కావాలని తయారుచేసిన మనుషుల మీద నాకు ఇప్పటికీ గుర్రుగా ఉంది. అయినా తయారైపోయినదాన్ని ఎవరో ఒకరు చూసుకోవాలి కదా.

6. నా మేడకు యాభై నాలుగు మెట్లు. కుక్కను రోజుకు మూడుసార్లు దింపి, ఎక్కించాలి, అదీ చేతుల్లోనే. పరీక్షించకుండా దేన్నీ నమ్మను. పనిముట్ల సంచిని సరిగ్గా ఎనిమిది కిలోలకు తూచి, గుండెలకు హత్తుకుని, రోజుకు మూడుసార్లు మెట్లు దిగి ఎక్కాను. పక్కింటివాళ్ళు నాకు మతి చలించిందనుకున్నారు. నాలుగో రోజునుంచి రెండో అంతస్తులో ఆగవలసి వచ్చింది. కింది వాటాలో ఉండే లాయరమ్మ "మీ పనే కదా, దానికో లిఫ్టు బిగించండి" అని వేళాకోళం చేసింది. నేను నిజంగానే కప్పీలు, తాడు, బుట్ట వేసి బొమ్మ గీశాను. తర్వాత చించేశాను. మండుటెండలో మూడంతస్తుల ఎత్తున వేలాడే బుట్టలో ఆ కళ్ళు ఎలా ఉంటాయో తలుచుకుంటే చెయ్యి ఆడలేదు.

తొమ్మిదో రోజున యాభయ్యో మెట్టు దగ్గర మోకాలు పట్టు తప్పింది. నేను మెట్ల పక్క కమ్మీ పట్టుకున్నాను, సంచి దొర్లుకుంటూ కిందికి పోయింది. పానాలు, స్క్రూడ్రైవర్లు మెట్ల పొడుగునా పరుచుకున్నాయి. సంచి కాబట్టి సరిపోయింది. ఒక్కొక్కటే ఏరి సంచిలో వేసుకున్నాను.

గది సంగతి కూడా రాయాలి. నాది పై అంతస్తు. థర్మామీటరు తగిలిస్తే మధ్యాహ్నం ముప్పై తొమ్మిది చూపించింది. ఏసీ పెట్టుకోవచ్చు కదా అంది కూతురు. కరెంటు పోయినప్పుడు ఇరుక్కున్న మనుషుల్ని బయటికి లాగుతూ సగం జీవితం గడిపినవాడికి చెప్పాల్సిన మాట కాదది.

7. నా తర్వాత ఎవరు అన్న విషయం. కూతురు సూటిగా చెప్పింది: "నాన్నా, నీకు తోడు కావాలంటే చెప్పు, ప్రతి సెలవుకీ వస్తాను. కుక్కంటావా, మా ఇంటికి పది గంటలు తాళమే ఉంటుంది. దాన్ని తెచ్చి ఏడిపించలేను." ఆమె మాటలో రెండు రోజులు తప్పు వెతికాను. దొరకలేదు.

8. ఇక మిగిలింది తమ్ముడు. పుస్తకాలు కుట్టి అట్టలు వేస్తాడు. ఇంట్లో వాడొక్కడే, పనంతా ఇంట్లోనే. నలభై రెండేళ్ళ కిందట నాకొక వీధికుక్క ఉండేది. ఆరు వారాలు వేరే ఊళ్ళో పని పడి దాన్ని తమ్ముడికి అప్పగించి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి ఎవరికో ఇచ్చేశాడు. చెయ్యి చేసుకోలేదు గానీ అంతపనీ చేశాను. అప్పటినుంచి ఎడమొహం పెడమొహం.

మొహం చెల్లకపోయినా థర్మామీటరు జేబులో వేసుకుని వెళ్ళాను. వాడు తలుపు తీసి పక్కకు తప్పుకున్నాడు. నేలంతా చల్లటి రాయి. వీధిలోకి ఒకే ఒక మెట్టు. నడిమధ్యాహ్నం ఇరవై ఏడు డిగ్రీలు. నేను గోడలు తడిమి చూస్తుంటే, వాడు కుడుతున్న పుస్తకం మీంచి తల ఎత్తకుండా "కుక్క కోసమా" అన్నాడు. అవునన్నాను. ఎన్నడూ లేనిది, అప్పుడు అడిగాను, ఆనాడు ఎందుకలా చేశావని.

"తొమ్మిది రోజులు మెతుకు ముట్టలేదన్నయ్యా. నీ చొక్కా వేసుకుని కూడా పెట్టి చూశా. పదో రోజు వెనక వీధి దర్జీ పిల్లల చేతిలోంచి తింది. ఇంక అక్కణ్ణుంచి కదల్లేదు. నీ కోసం లాక్కొచ్చి కట్టేస్తే చచ్చిపోయేది. నువ్వొచ్చాక చెబుదామనుకున్నా. నువ్వు అరిచావే గానీ అడగలేదు."

వినడం తప్ప అడగడం రాని మనిషినని డెబ్బై ఒకటో ఏట తెలిసింది. సిగ్గుగా ఉంది. రాసిపెడుతున్నాను.

9. విచారణ ఫలితం: పగ్ నాకు తగిన కుక్కే. నా ఇల్లు దానికి తగదు. కాబట్టి నా తదనంతరం తమ్ముడికి చెందాలనుకున్న కుక్కను నా జీవితకాలంలోనే, పదకొండు రోజుల కిందట, ఆశ్రమం నుంచి నేరుగా వాడి ఇంటికి చేర్పించాను. వాడికింకా అరవై ఆరే. కనక ఏ కాగితం కోసం ఈ వీలునామా మొదలుపెట్టానో ఆ కాగితంతో ఇప్పుడు ఎవరికీ పని లేదు.

మొదటి మూడు రోజులూ వెళ్ళాను. నేను పెడితేనే తిన్నది. తమ్ముడు పళ్ళెం జరిపితే మొహం తిప్పేసి గుమ్మం దగ్గర కూర్చుంది. తిండికి ఎక్కడైనా తలవంచే జాతి, అలా కూర్చుంటే భయమేసింది. ఆనాటి నా వీధికుక్క గుర్తొచ్చింది. సంగతి అర్థమైంది. అప్పటినుంచి, అంటే ఎనిమిది రోజులుగా, నేను అటు అడుగు పెట్టలేదు. నేను కనిపిస్తున్నంత కాలం అది వాడి చేతి తిండి ముట్టదు. సాయంత్రం నాలుగయితే కాళ్ళు వాటంతటవే చెప్పుల్లోకి పోతున్నాయి. వాటిని విడిచి మళ్ళీ కూర్చుంటున్నాను. నాకు చాలా కష్టంగా ఉంది.

10. తమ్ముడికి ఈ వీలునామాలో ఒక్క మేకు కూడా రాయలేదు. ఎవరూ అపార్థం చేసుకోవద్దు. వీలునామా ద్వారా ఏదైనా పొందేవాడు దానికి సాక్షిగా ఉండకూడదని లాయరమ్మ చెప్పింది. నాకు వాడి సంతకం కావాలి. వాడు వచ్చి కూర్చున్నాక, కలం అందించే ముందు, ఈసారి నేనే అడుగుతాను.

పై అంశాలన్నీ చదువుకుని, కొట్టివేతలు లేవని చూసుకుని, మే నెల పంతొమ్మిదో తేదీ సోమవారం ఉదయం, నా గదిలో కిటికీ పక్కన కూర్చుని సంతకం చేశాను.

(సంతకం)
చెవి మేస్త్రి, లిఫ్టు మెకానిక్కు

సాక్షులు:

ఒకటి. కింది వాటా లాయరమ్మ.

రెండు. తమ్ముడు, పుస్తకాలు కుట్టేవాడు. నేను అడిగినదానికి జవాబుగా, సంతకం కింద తన చేత్తోనే ఇలా రాశాడు: ఐదో రోజు పొద్దున తింది, నా చేతిలోంచే. ఇక రావొచ్చు అన్నయ్యా. ఇవాళే రా.