ముప్పై ఎనిమిది సెంటీమీటర్ల సీటు

ఊరాఖ్,
6 అక్టోబరు 1997

ఐస్‌ఫోగెల్ కార్ల కర్మాగారం, సీట్ల విభాగం వారికి నమస్కారాలు.

నా పేరు ఓట్‌మార్ హెఫెలె. నలభై నాలుగేళ్లు రొట్టెలు కాల్చి, పోయిన ఆగస్టులో దుకాణం మూసేశాను. వచ్చే జూన్ ఇరవైకి మా పెళ్లయి నలభై ఏళ్లు నిండుతాయి. ఆ రోజు మీ స్పోర్ట్స్ కారులో మా ఆవిడ వాల్ట్రౌడ్‌ని కూర్చోబెట్టుకుని ఆల్ప్స్ కనుమ దాటాలని నా కోరిక. కారుకు ఆర్డరిచ్చాను. పచ్చ రంగు. అంతవరకూ గొడవ లేదు.

గొడవంతా సీటు దగ్గరే. రేసు కార్లలో వేస్తారే, ఆ బకెట్ సీటు రెండు పక్కలా కావాలన్నాను. "ఆ సీటు ఈ మోడల్‌కి దొరకడం కష్టమండీ, ఫ్యాక్టరీకే రాసుకోండి" అన్నాడు డీలరు, నా పొట్టకేసి చూస్తూ. నా మొహం చూసి ఆ మాట అని ఉంటే నాకింత పట్టుదల వచ్చేది కాదు.

1953లో మీ క్యాంటీనుకు సైకిలు మీద బ్రెట్సెళ్లనే ఉప్పు రొట్టెలు చేరవేసింది నేనే. ఒకరోజు మీ టెస్ట్ డ్రైవరొకాయన "ఎక్కవయ్యా" అని నన్ను రేసు కారులో కూర్చోబెట్టి రెండు చుట్లు తిప్పాడు. మా నాన్న కొట్టడానికి తప్ప నన్ను ముట్టుకున్న మనిషి కాదు. ఆ సీటు మాత్రం రెండు పక్కలా నన్ను గట్టిగా పట్టుకుంది. ఆ పట్టు ఒంటికి ఇంకా గుర్తుంది. మళ్లీ ఒకసారి అలా కూర్చోవాలి, అంతే.

ఇట్లు,
ఓట్‌మార్ హెఫెలె

తా.క. దుకాణం కాగితం మీద రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి. రెండు కట్టలు మిగిలాయి. మా ష్వాబెన్ ప్రాంతం వాళ్లం దుకాణం మూస్తాం గానీ కాగితం పారెయ్యం.

—

20 అక్టోబరు 1997

గౌరవనీయులైన హెఫెలె గారికి,

మీ ఉత్తరం అందింది. అది మీ సంస్థ కాగితం మీద ఉన్నందున, నియమం ప్రకారం మీ రొట్టెల దుకాణం పేరనే ఫైలు తెరిచాం.

మీరు కోరిన బకెట్ సీట్లు ఈ మోడల్‌కు పరిమితంగా మిగిలి ఉన్నాయి. వీటికి వీపు వాలదు, చలికి సీటు వేడెక్కే ఏర్పాటు ఉండదు. సీటు బయటి గుల్ల అందరికీ ఒకటే. కూర్చునేవారి తుంటి వెడల్పును బట్టి పక్క దిళ్లు అతికిస్తాం. ఒకసారి అతికించాక మార్చడం కుదరదు. స్టూలు మీద కూర్చుని, రెండు పక్కలా ఒక్కో పుస్తకం నిలబెట్టి, వాటి మధ్య దూరం కొలవగలరు. ఇద్దరి కొలతలూ దీనితో పంపుతున్న ఫారంలో జనవరి 31 లోపు పంపగలరు.

భవదీయురాలు,
రోస్విత కెష్లె, సీట్ల విభాగం

—

27 అక్టోబరు 1997

కెష్లె గారికి నమస్కారాలు.

ఫారం నింపి పంపుతున్నాను. నా కొలత 38 సెంటీమీటర్లు. గది తలుపేసుకుని ఒక్కణ్ణే కొలుచుకున్నాను కాబట్టి సాక్షులెవరూ లేరు.

మా ఆవిడ గడి ఖాళీగా వదిలేశాను. ఆమెను నేను అడగను. మా కాపురం నలభై ఏళ్లు నిలిచింది ఇలాంటివి అడగకపోబట్టే.

ఇట్లు,
ఓట్‌మార్ హెఫెలె

తా.క. కొలత ఎంత అని అడిగారు గానీ, అది ఏ సంవత్సరంది అని మీ ఫారంలో ఎక్కడా అడగలేదు. మంచి ఫారం.

—

10 నవంబరు 1997

గౌరవనీయులైన హెఫెలె గారికి,

మీ సూచనకు కృతజ్ఞతలు. కొత్త ఫారంలో సంవత్సరం గడి చేర్చాం.

మీ డీలరుతో ఫోనులో మాట్లాడాం. కంటి అంచనా ప్రకారం మీ కొలత 46 ఉండవచ్చని ఆయన అన్నారు. 38 కొలతతో చేసిన నమూనా సీటు ఆయన దుకాణానికి పంపుతున్నాం. దయచేసి కూర్చుని చూడగలరు. శ్రీమతి హెఫెలె తమ కొలతను నేరుగా మాకు రాయవచ్చు.

భవదీయురాలు,
రోస్విత కెష్లె

—

24 నవంబరు 1997

కెష్లె గారికి నమస్కారాలు.

కూర్చుని చూశాను. సీటు అద్భుతం. పట్టు గురించి ఇక నాకు ఏ సందేహమూ లేదు.

కాకపోతే నా స్నేహితుడు ఓయ్‌గెన్‌ని సాక్ష్యానికి తీసుకెళ్లడం నా పొరపాటు. గురువారం గురువారం సత్రంలో మా బల్ల దగ్గర నా పక్క కుర్చీ వాడిదే. కూర్చోవడం దాకా బాగానే జరిగింది. కొంత నేను కూర్చున్నాను, మిగతాది భూమి లాగింది. లేవబోతే సీటూ నాతో లేచింది. డీలరు ఒక చెయ్యి, అతని గుమాస్తా ఒక చెయ్యి పట్టుకు లాగారు. ఓయ్‌గెన్ మాత్రం చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఒరేయ్ ఓట్‌మార్, కేకు పెనానికి అంటుకుంటే ఏం చేస్తావురా?"

"అంచుల వెంబడి వెన్న రాస్తాను. అయితే ఏంటి ఇప్పుడు?"

"ఏం లేదు. నలభై నాలుగేళ్లు చేసిన పని, అవసరానికి గుర్తొస్తుందో లేదోనని."

అలాగే బయటపడ్డాను. డీలరు చాలా మర్యాదస్తుడు, వెన్న ఖర్చు తనే పెట్టుకున్నాడు.

ఇట్లు,
ఓట్‌మార్ హెఫెలె

తా.క. ఈ సంగతి మీలోనే ఉంచండి. ఓయ్‌గెన్ తనలో ఉంచుకోలేదు.

—

4 డిసెంబరు 1997

గౌరవనీయులైన హెఫెలె గారికి,

సీటు వదలడం లేదన్న మీ ఫిర్యాదును నమోదు చేసుకుని, నమూనా సీటును పరీక్షల గదికి పంపాం. నివేదిక ఇది: తయారీలో లోపం లేదు. పక్క దిళ్లలో సుమారు వంద గ్రాముల వెన్న, ఎడమ దిండు వెనక సగం బ్రెట్సెల్ దొరికాయి. వెన్న తుడిచేశాం. బ్రెట్సెల్ మీదైతే తెలియజేయగలరు, పంపుతాం.

మీ కొలతను 46కి మార్చమంటారా? గడువు దాకా ఏ మార్పూ అందకపోతే 38 ఖాయమవుతుంది.

భవదీయురాలు,
రోస్విత కెష్లె

—

12 డిసెంబరు 1997

కెష్లె గారికి నమస్కారాలు.

అయ్యో, అది ఫిర్యాదు కాదు తల్లీ, మెప్పు!

కొలత మార్చే ప్రసక్తే లేదు. 38 అంటే 38. సత్రంలో మా బల్ల మొత్తానికి చెప్పుకున్నాను, ఇప్పుడు 46 అంటే నా ముక్కు కోసినట్టే. సీటు నాకు సరిపోకపోతే సీటుకి నేను సరిపోతాను. ఈ పూట నుంచి వెన్న, బీరు, మా గుడ్ల సేమ్యా స్పెట్సె‌ల్ బంద్. క్రిస్మస్ బిస్కట్లు నేనే కాల్చాను, వాసన చూసి డబ్బాలో పెట్టాను. దొంగచేతికి తాళాలిచ్చినట్టే గానీ, ఇప్పటిదాకా దొంగ నిజాయితీగానే ఉన్నాడు.

మా ఆవిడకి మీ మాట చేరవేశాను. "నేను రాసుకుంటాలే, నువ్వు వేలు పెట్టకు" అంది.

ఇట్లు,
ఓట్‌మార్ హెఫెలె

తా.క. బ్రెట్సెల్ నాదే. పంపకండి. ఇప్పుడు నన్ను పరీక్షకు పెట్టొద్దు.

—

2 ఫిబ్రవరి 1998

గౌరవనీయులైన హెఫెలె గారికి,

మీ సంస్థ నుంచి జనవరి 19న అందిన సంతకం చేసిన లేఖ ప్రకారం రెండు సీట్ల కొలతలూ ఖరారయ్యాయి. పని మొదలైంది. కారు జూన్ 8న మీకు అందుతుంది.

భవదీయురాలు,
రోస్విత కెష్లె

—

16 మార్చి 1998

కెష్లె గారికి నమస్కారాలు.

మా ఆవిడ కొలత అందినందుకు సంతోషం. ఎంతో చెప్పకండి.

నా సంగతి: ఇప్పుడు 42. పోయిన వారం మా వీధి ఊడ్చే వంతు మాది. శనివారం పొద్దున చీపురు పట్టుకుని గుమ్మం ముందు వంగాను. ప్యాంటు నాతోపాటు వంగి, లేచేటప్పుడు నాతో లేవలేదు. ఎదురింటి ముసలావిడ కిటికీలోంచి "హెఫెలె గారూ, ఊడ్చమన్నది చెత్తని!" అని అరిచింది. సిగ్గుపడాల్సింది, నేను మాత్రం సంబరపడ్డాను.

వాల్ట్రౌడ్ వాలకం ఏదోలా ఉంది. నా పళ్లెంలో రెండో గరిటె వెయ్యబోయి ఆగుతుంది. ఏదో చెప్పబోయి ఆగుతుంది. ఆకుకూర తినే మనిషిని చూసి జాలేస్తోంది కాబోలు.

ఇట్లు,
ఓట్‌మార్ హెఫెలె

తా.క. నిన్న ఓయ్‌గెన్ నన్ను బజార్లో చూసి గుర్తుపట్టలేదు. పట్టి ఉండొచ్చు, బీరు ఇప్పించాల్సి వస్తుందని నటించి ఉండొచ్చు.

—

10 జూన్ 1998

కెష్లె గారికి,

నమస్కారం పెట్టే ఓపిక కూడా లేదు. కారు వచ్చింది. ఆ ఉదయం కొలుచుకున్నాను, ముప్పై ఎనిమిదిన్నర. ఆరు నెలలు ఏడుస్తూ దోసకాయలు తిన్నది ఆ ఒక్క నిమిషం కోసం. వీధంతా చూస్తుండగా తలుపు తీసి కూర్చున్నాను.

కెష్లె గారూ, పెద్ద గంగాళంలో గరిటె పడేసినట్టు పడ్డాను. మలుపు తిరిగితే నేను ఆ పక్కకి, ఇంకో మలుపు తిరిగితే ఈ పక్కకి. ఇంటికొచ్చేసరికి ఓయ్‌గెన్ అద్దంలోంచి తొంగి చూసి, "ఒరేయ్, ఆ ఖాళీలో నేనూ కూర్చోవచ్చా?" అన్నాడు. ఆ సీటు నన్ను ఏ పక్కా ముట్టుకోవడం లేదు. నాకు ఏడుపొచ్చింది, దాచడం దేనికి.

ఎవరి కొలత తీసుకుని కుట్టారు దాన్ని? ఏనుగుదా? సమాధానం కావాలి. మీ పొరపాటు, మీరే దిద్దాలి.

ఓట్‌మార్ హెఫెలె

తా.క. వాల్ట్రౌడ్ ఇంతవరకు కారెక్కలేదు. "బూట్లకు మట్టి ఉంది" అంటోంది. మూడు రోజులుగా అదే మట్టి.

—

15 జూన్ 1998

గౌరవనీయులైన హెఫెలె గారికి,

ఫైలు పరిశీలించాం. మా వైపు పొరపాటు లేదు. మీ సంస్థ కాగితం అడుగున "యజమాని ఓట్‌మార్ హెఫెలె, సంతకం చేసే అధికారం వాల్ట్రౌడ్ హెఫెలె" అని అచ్చయి ఉంది. కాబట్టి జనవరి 19 నాటి లేఖ మాకు చెల్లుతుంది. నకలు ఇక్కడ రాస్తున్నాను.

"సీట్ల విభాగం వారికి. మా ఆయన 38 అని రాశారు. ఆయన అబద్ధాలాడే మనిషి కాదు, ఆశపడే మనిషి. ఈ ఉపవాసాలకు ముందు ఒక ఆదివారం భోజనం అయ్యాక కుర్చీలో కునుకు తీస్తుంటే నేనే రెండు పక్కలా పుస్తకాలు పెట్టి కొలిచాను. 46. ఆ కొలతకే చెయ్యండి. ఆయనకి చెప్పకండి. ఎక్కి కూర్చున్న రోజు సరిపోయిందని పొంగిపోతారు, అది చూడాలని ఉంది. ఈ ఉపవాసాలు ఇంకెన్నాళ్లో సాగవు, ఆయన్ని నేనెరుగుదును. నా కొలత 36."

అతికించిన దిళ్లు మార్చడం కుదరదని మరోసారి మనవి.

భవదీయురాలు,
రోస్విత కెష్లె

తా.క. మా విభాగంలో తాజా కలం రాసే అలవాటు లేదు. అయినా రాస్తున్నాను. ఈ లేఖ చదివిన రోజు భోజనానికి ఆలస్యంగా వెళ్లాను. కళ్లు కడుక్కోవాల్సి వచ్చింది.

—

22 జూన్ 1998

కెష్లె గారికి నమస్కారాలు, ఈసారి రెండు చేతులా.

మీ ఉత్తరం తెచ్చి వంటింట్లో బల్ల మీద పెట్టాను. వాల్ట్రౌడ్ చదవకుండానే కూర్చుండిపోయింది.

"ఏమయ్యా, నువ్వు అబద్ధం రాశావని నాకు తెలుసు. దాన్ని నిజం చేస్తావని కల్లో కూడా అనుకోలేదు. నలభై ఏళ్లలో అన్న మాట మీద ఒక్కసారైనా నిలబడ్డావా? నిలబడక నిలబడక ఇప్పుడా నిలబడేది?"

"మార్చిలోనే చెప్పి ఉండొచ్చుగా!"

"ఆ ప్యాంటు జారిన రోజు నీ మొహం చూశాక చెప్పబుద్ధి కాలేదు."

అప్పటికి నాకు వెలిగింది. "సరేగానీ, బూట్ల మట్టి సంగతేంటి?" అన్నాను. లేచి గిన్నెలు తోమడం మొదలుపెట్టింది. జూన్ ఇరవైన, అంటే పెళ్లిరోజు పొద్దున, చెయ్యి పట్టుకుని కారు దగ్గరికి తీసుకెళ్లాను. మంచి గౌను వేసుకుంది. కళ్లు మూసుకుని, ఊపిరి బిగబట్టి కూర్చుంది. సగం దాకా దిగి ఆగిపోయింది. కిందికీ పోదు, పైకీ రాదు.

"ముప్పై ఆరా వాల్ట్రౌడ్?"

"నోరు మూసుకుని వెన్న తీసుకురా."

తెచ్చాను, కానీ వెంటనే రాయలేదు. అటుపక్క ఎక్కి నా గంగాళంలో కూర్చున్నాను. ఆమె కదల్లేదు, నేను నిలవలేను, అందుకని నేనే జారి ఆమె భుజానికి ఆనుకున్నాను. కనుమ దాటాల్సిన రోజు అలా ఇంటి ముందే గడిచింది. నన్ను రెండు పక్కలా పట్టుకునేది ఏదైనా దొరుకుతుందేమోనని ఇన్నేళ్లు వెతికాను. నేను కునుకు తీస్తుంటే పుస్తకాలు పట్టుకుని ఆమె నా రెండు పక్కలా మసిలిందని తెలిసేసరికి ఈ వయసు వచ్చింది.

దిళ్లు మార్చరని రాశారు. అక్కర్లేదు. మేమే మారతాం. నేను నలభై ఆరుకి పెరుగుతాను, ఆమె ముప్పై ఆరుకి తగ్గుతుంది. ప్రయాణం సెప్టెంబరులో. నా వంతు పని నిన్న రాత్రే స్పెట్సె‌ల్‌తో మొదలైంది, చాలా హాయిగా సాగుతోంది. ఆమె ఎదురుగా కూర్చుని దోసకాయ కొరుకుతూ నాకేసి చూసిన చూపు మాత్రం రాసేది కాదు.

ఇట్లు,
ఓట్‌మార్ హెఫెలె

తా.క. నిన్న ఆదివారం. భోజనం అయ్యాక వాల్ట్రౌడ్ కుర్చీలో కునుకు తీస్తుంటే నేనూ పుస్తకాలు పెట్టి కొలిచాను. ఎంతో మీరు అడగొద్దు, నేను చెప్పను. మా కాపురం ఇంకో నలభై ఏళ్లు నిలవాలి.