పలక ముందు పావనిని నిలబెట్టొద్దు

అనంతపురం, బుధవారం.

ట్యాంకరు నీళ్లు పట్టాను, రొట్టెలు కాల్చాను, శెనక్కాయలు వలిచాను, మీ బావ చొక్కాలు ఉతికి ఆరేశాను. పని అయ్యాక కూర్చుని రాస్తున్నాను.

తమ్ముడు ఎర్రిస్వామికి అక్క సుంకమ్మ దీవెనలు. మేము బాగున్నాము. నువ్వు, సరోజ, పావని, నాయన ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. విడపనకల్లులో వాన పడిందా? ఇక్కడ మబ్బు వచ్చినట్టే వచ్చి పోయింది. మీ బావకు గోదాములో కాపలా పని కుదురుగానే ఉంది, దిగులు పడొద్దు. తిండికి లోటు లేదు. సరోజ నూరే ఊరిబిండి పచ్చడి మాత్రం ఎవరైనా వస్తే పంపు. మాట్లాడే మనిషే లేదిక్కడ. పక్కింటి తలుపు పొద్దంతా వేసే ఉంటుంది. మీ బావ వచ్చేదాకా నా గొంతు నేనే వినను.

ఈ జాతరలో నాయన కత్తులు విసిరేటప్పుడు నా బదులు నీ కూతురు పావని చెక్క పలక ముందు నిలబడుతుందట, నువ్వూ సరే అన్నావట. వద్దు తమ్ముడూ. పోయినసారి చివరి కత్తి నా రవిక చేతిని చీల్చి దిగింది కదా. నేను కదిలానని, నాకు వయసైందని నాయన అనుకున్నాడు. నిజమే, కదిలాను. కదలడం ఆలస్యమైంది. నాయన చేయి వణుకుతోంది. అది కనబడకూడదని పిడిని బిగించి పడతాడు. బిగిస్తే కత్తి చేతిలోంచి ఆలస్యంగా వదిలి, కిందికి, పక్కకు పోతుంది. నేను ఆయన భుజం చూసి, కత్తి ఎటు వస్తుందో పసిగట్టి, కొంగు కదలకుండా జరిగేదాన్ని. జనం చప్పట్లు కొట్టేవారు. పావనికి మనం నేర్పింది ఒక్కటే, కదలొద్దని. అది కదలదు.

నిన్న ఫోన్‌లో నాయనకు ఇదే చెప్పాను.

"టౌనుకు పోయి పెద్ద మొనగత్తె అయినావే! యాడ నేర్చినావు ఈ మాటలు?"

"నీ పలక కాడే నాయనా. నువ్వు ఇసురుతాంటే నేను జరుగుతాంటి."

 నాయన నా మాటనే తిప్పి అన్నాడు.

"అంటే నేను గురి కొట్టినేది కాదు. నువ్వు తప్పుకున్నేది."

"అవు నాయనా."

"బిడ్డను నిలబెట్టనులే" అన్నాడు. ఆ గొంతు నాయనదిలా లేదు.

ఈసారి నువ్వే విసురు. మనిషి వద్దు, పలకకు నిమ్మకాయ కట్టు. పలకను ముందు రోజే తడుపు, ఎండిన చెక్క కత్తిని వెనక్కి తంతుంది. పిడిని సుత్తి పట్టినట్టు పట్టుకో. నువ్వు మణికట్టు విదిలిస్తావు, అందుకే గాలిలో ఎక్కువ తిరుగుతుంది. మణికట్టును నిలిపి, చేయి గురివైపు చాచినప్పుడు వదిలెయ్యి. కత్తి దిగాక పిడి పైకి లేచి ఉంటే కాస్త ముందుకు జరుగు, కిందికి వాలితే వెనక్కి. గొడ్డలి విసిరితే, దాని కర్ర, అదే కామ, ముందు తగిలి పడిపోతే దూరం చాలలేదని. బలం పెంచితే సరిపోదు, నిలబడే చోటు మార్చాలి. నాయన పక్కనే నిలబడి చెబుతూ ఉంటాడు. తెలిసినదైనా విను. కత్తులు ఆయన చేతే అందుకో.

మొదటి కత్తికి ముందు నాయన నా చేతిలో తమలపాకు పెట్టి, "నీ పాణం నా కాడ బాకీ" అనేవాడు. అన్నీ విసిరాక ఆకు తీసుకుని "తీరింది" అనేవాడు. పోయినసారి తీసుకోకుండానే వెళ్లిపోయాడు. ఫోన్ పెట్టేముందు దాని సంగతే అడిగాడు.

"ఆ ఆకు ఏం జేసినావమ్మా?"

"బస్సులో వక్కతో నమిలేసినా."

నవ్వాడో ఏడ్చాడో తెలియలేదు. "అయితే తీరిందిలే" అన్నాడు.

నాయన పాదాలకు నా దండాలు చెప్పు. ఆయన్ను ఒంటరిగా కూర్చోనివ్వొద్దు. సరోజకు, పావనికి ఆశీస్సులు.

మీ అక్క,
సుంకమ్మ

నాయన దగ్గరున్న నా పాణం బాకీ తీరింది.