నగరమో శివారో రాసివ్వండి

కమిషనరు గారికి నమస్కారం.

నా రాత బాగుండదు, తప్పులూ ఉంటాయి, మన్నించాలి. ఐదో తరగతి వరకే చదివాను.

పోయిన నెల మా సందులో ఒక కుక్క మా ఆవిడను చెంప మీద కరిచింది. పక్కనున్న మహానగరం ఆసుపత్రికి వెళ్తే, "మీదే ఆరు లక్షల జనం ఉన్న నగరం. అక్కడే వేయించుకోండి" అన్నారు. మన మునిసిపాలిటీ ఆసుపత్రికి వస్తే, "మనది శివారే కదా తాతా! కుక్క కాటు సూదులు మనకివ్వరు, అక్కడికే పోండి" అన్నారు. మూడుసార్లు తిరిగాం. బస్సులో మా ఆవిడ, "రెంటికీ చెడ్డ రేవడి బతుకైందయ్యా మనది" అని నవ్వింది. ఆఖరికి మంచినీళ్ల గ్లాసు చూసినా భయపడింది. సోమవారం పోయింది.

తప్పెవరిదని అడగను. మన ఊరు నగరమో శివారో ఒక చీటీ మీద రాసి, ముద్ర వేసి ఇప్పించండి. ఏదైనా ఫరవాలేదు. చీటీ చూపిస్తే ఎవరో ఒకరు కాదనలేరు.

ఆ రోజు కుక్కను లాగబోతే నా కుడి చేతినీ కరిచింది. ముందు ఆవిడకు వేయించాలి కదా అని నా సంగతి ఎవరికీ చెప్పలేదు. నిన్నటి నుంచి ఆ చెయ్యి తిమ్మిరెక్కుతోంది, కలం నిలవడం లేదు. కాస్త త్వరగా జవాబు రాయించండి.