నిలువెత్తు బొమ్మ

మరిదికి వదిన ఆశీస్సులు.

ఇక్కడ మేమంతా బాగానే ఉన్నాం. నువ్వు బాగున్నావని నువ్వు పంపిన రాతిపనివాడే చెప్పాడు కాబట్టి ఆ మాట అడగను. మీ తోడల్లుడికి దగ్గు తగ్గింది. చేలో మొక్కజొన్న మోకాలెత్తు వచ్చింది. చెల్లెలి సమాధి చుట్టూ రెండు చాళ్లు వదిలేసి దున్నించాం.

ఉత్తరంలో మూడు సంగతులు అడిగావు. ఒకటి, చెల్లెలి ఎత్తెంత అని. ఇరవై రెండేళ్లు ఒకే ఇస్త్రీ కొట్లో ఉన్నారు. పెళ్లాం నీ భుజం దాకా వచ్చేదో చెవి దాకా వచ్చేదో నన్నడుగుతున్నావు. రెండు, మంచి ఫొటో ఉందా అని. ఉన్నది పెళ్లిదొక్కటే, అందులో దాని సగం మొహానికి నువ్వే అడ్డొచ్చావు. మూడు, పాలరాతి బొమ్మ పెట్టడానికి మా చేలో జాగా ఇస్తానా అని. ఆ జవాబు చివర్లో రాస్తాను.

రాతిపనివాడు నెమ్మదస్తుడు. బొమ్మ ఎంతుంటుందో మా గోడ మీద సుద్దతో గీసి చూపించాడు. నిలువెత్తు మనిషి, చేతిలో పువ్వు, కింద ‘చెదరని ప్రేమకు గుర్తు’ అని అక్షరాలు. భార్యను ఇంతగా తలచుకునే మొగుణ్ణి తను చూడలేదట. నీ ఏడుపు చూసి తనకూ కళ్లు చెమర్చాయట. నువ్వు ఏడ్చావంటే నమ్ముతాను. కానీ చెల్లెలు కూర్చోడానికి స్టూలు అడిగిన రోజున నేను మీ కొట్లోనే ఉన్నాను. “కూర్చుని చేస్తే పెట్టె మీద బరువు పడదు, మడత నిలవదు” అన్నావు. ఆ మాట అన్నప్పుడు నువ్వు బట్టలు తీసుకునే కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నావు. దాని పిక్కల మీద నరాలు తాళ్లలా ఉబ్బి ఉన్నాయి. చివరికి ఆ కాలి నరంలో గడ్డకట్టిన రక్తమే పైకి పాకి ప్రాణం తీసిందని డాక్టరు చెబితే, నీకు అర్థం కానట్టు నన్ను చూశావు.

బతికున్నన్నాళ్లూ నిలబెట్టింది చాల్లేదా మరిదీ, పోయాక కూడా నిలబెడతావా?

ఇంకొక మాట ఉంది. రాయకుండానే కాగితం మడిచేద్దామనుకున్నాను. అది పోవడానికి నాలుగు నెలల ముందు చేతిసంచి పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది. “అక్కా, నాలుగు రోజులు కాళ్లు చాపుకుని పడుకుంటానే” అంది. మొగుణ్ణి వదిలి వచ్చిందని నలుగురూ అంటారని నా భయం. అరుగు మీద కూర్చోమని కూడా అనలేదు. కూర్చుంటే ఇక లేవదనిపించింది. గుమ్మం పట్టుకుని నిలబడే మాట్లాడి, వచ్చిన బస్సుకే తిరిగి వెళ్లింది. ఇది మీ తోడల్లుడికి కూడా తెలియదు.

జాగా ఇస్తాను. బొమ్మకు కాదు. రాతిపనివాడికి ఒక బల్ల చెక్కమని చెప్పాను, వెనక ఆనుకోవడానికి పలకతో. చెల్లెలి ఎత్తు నాకు తెలుసు. కూర్చుంటే పాదాలు నేలకు ఆనేలా కొలత ఇచ్చాను. బల్ల మీద దాని పేరొక్కటే ఉంటుంది. పువ్వు వద్దు, నీ పేరు వద్దు, ఆ ప్రేమ మాట వద్దు. నీకు ఇష్టం లేకపోతే ఆ పాలరాయి కొట్లో పరుచుకుని బట్టలు మడత పెట్టుకో.

ఎప్పుడైనా చూడ్డానికి వస్తే ఆ బల్ల మీద కూర్చోకు. నేనూ కూర్చోను. మనిద్దరం నిలబడదాం.

ఇట్లు,
దాని అక్క